వాడా మావయ్య

అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో గుమాస్తాగా ముప్పై ఏళ్లు చేసిన మనిషి. దిమ్మని గోటితో గిల్లడం, నాలిక మీద వేసుకోవడం అందరూ చేసే పని. మావయ్య మాత్రం పది గజాల దూరం నుంచి రంగు చూసి "హైడ్రోస్ కొట్టేడు" అని ముందుకి పోయేవాడు. పచ్చగా మెరిసే బెల్లానికి రేటెక్కువ కనుక కొందరు పాకంలో ఆ మందు కలుపుతారు. కలపని సరుకు కాస్త నల్లగా ఉంటుంది, ఆ నలుపుకి ధర పలకదు. మెరిసేదేదైనా మందు కొట్టిందే అన్న సిద్ధాంతం ఆయనకి అలా అబ్బింది. రిటైరయ్యాక బెల్లం పోయింది, టీవీ మిగిలింది. సిద్ధాంతం ఊరికే కూర్చోదు కదా, టెన్నిస్ మీద పడింది.

టెన్నిస్సే ఎందుకంటే, "క్రికెట్లో ఒళ్లంతా గుడ్డలే, ఏటి కనపడతాది? ఇందులో సరుకంతా బయటే ఉంటాది" అంటాడు.

2005లో పందొమ్మిదేళ్ల నాదల్ చేతుల్లేని ఆకుపచ్చ బనీను వేసుకుని పారిస్‌లో కప్పు ఎత్తాడు. మావయ్య ఆ రోజే తీర్పు చెప్పేశాడు: "వాడు వాడేడ్రా!" అప్పట్నుంచి వీధి కుర్రాళ్లకి ఆయన వాడా మావయ్య. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ పొట్టిపేరు కూడా అదే కావడం ఆయనకి హోదాలాగే అనిపించింది.

"ఆ ఎడంచెయ్యి చూడు, కుడిచేతికి అన్నయ్యలాగుంది."

"ఆయన ఆడేది ఎడంచేత్తోనే కదా మావయ్యా. మందు మింగితే ఒక్క చేతికే ఎక్కుతుందేటి?"

"అదే కదా తెలివి!"

ఇలాంటి మనిషితో వాదన పెట్టుకోకూడదు. ఆధారం ఉంటే దొరికిపోయాడంటాడు, లేకపోతే దాచేశాడంటాడు.

2016 మార్చిలో ఆయన జన్మ ధన్యమైంది. ఫ్రాన్స్‌లో క్రీడల మంత్రిగా చేసిన రోజలిన్ బాషలో, 2012లో నాదల్ ఏడు నెలలు ఆడకపోవడానికి మోకాలి నొప్పి కాదు, బహుశా పరీక్షలో దొరకడమే కారణమని టీవీలో అనేసింది. మావయ్య వీధంతా మైసూర్‌పాక్ పంచాడు. నాదల్ కోర్టుకెక్కాడు, తన పరీక్షల రికార్డంతా బయటపెట్టండని టెన్నిస్ సమాఖ్యకి ఉత్తరం రాశాడు. 2017 నవంబర్‌లో పారిస్ కోర్టు ఆవిడని 10,000 యూరోలు నష్టపరిహారం కట్టమంది. మావయ్య మాత్రం "కోర్టుకి సరుకేటి తెలుసు?" అన్నాడు. మైసూర్‌పాక్ వెనక్కి అడగలేదు, అదే పెద్దరికం.

ఆయన అనుమానానికి సరిహద్దులున్నాయి. తుని దాటి ఇచ్ఛాపురం దాకా ఎవరి కండ చూసినా గంజీ, గాలీ తప్ప ఇంకేమీ కనపడదు. గుండెల మీద ఏనుగుని ఎక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరెత్తితే లేచి దండం పెడతాడు. 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి "మన శ్రీకాకుళం పిల్ల". 2023లో మన దేశంలో తీసిన 5,606 శాంపిళ్లలో 214 పట్టుబడ్డాయని ఎవడో చదివి వినిపిస్తే, "అదంతా అవతలి రాష్ట్రాలోళ్లు" అని పేపరు మడిచేశాడు.

ఒక్కసారి మాత్రం నోరు పడిపోయింది. సానియా మీర్జా పిల్లాణ్ణి కన్నాక 26 కిలోలు తగ్గి, 2020 జనవరిలో హోబర్ట్‌లో డబుల్స్ గెలిచింది. మావయ్య గొంతు సవరించుకుని "ఇరవయ్యారు కిలోలంటే..." అన్నాడో లేదో, అత్తయ్య గుమ్మంలోకొచ్చింది. చేతిలో అట్లకాడ. "నలుగుర్ని కన్నాను. పురుటి ఒళ్లు కరగాలంటే ఎంత చాకిరీయో చెప్పమంటారా?" వద్దన్నాడు.

అసలు తమాషా ఆ తర్వాత జరిగింది. యానిక్ సినర్ అనే టెన్నిస్ కుర్రాణ్ణి చూసి ఆయన ముచ్చటపడేవాడు. "గెడకర్రలాగున్నాడు, స్వచ్ఛమైన సరుకు" అని సర్టిఫికెట్ ఇచ్చేశాడు. ఆ గెడకర్రే 2024 మార్చిలో క్లోస్టెబాల్ అనే స్టెరాయిడ్‌తో రెండుసార్లు దొరికాడు. దొరికింది మిల్లీలీటరుకి గ్రాములో వందకోట్లో వంతుకన్నా తక్కువ. మాలిష్ చేసేవాడు తన తెగిన వేలికి స్ప్రే కొట్టుకుని, ఆ చేత్తోనే ఒళ్లు రుద్దాడని తేలింది. విచారణ సంఘం తప్పులేదంది, వాడా ఒప్పుకోలేదు, చివరికి 2025లో మూడు నెలల నిషేధంతో రాజీపడ్డారు. కండలు తిరిగినవాడు కోర్టులో గెలిచాడు, బక్కవాడు సీసాలో దొరికాడు. మావయ్య ఒక రాత్రంతా ఆలోచించి పొద్దున్నే తేల్చేశాడు: "అంత బక్కగా ఉన్నప్పుడే నాకు డౌటొచ్చింది."

పరీక్షల గురించి ఆయన చెప్తే వినాలి. ఆటగాడు రోజుకో గంట ఎక్కడుంటాడో ముందే రాసివ్వాలి. ఏడాదిలో మూడుసార్లు లేకుండా పోతే అదే నేరం. ఆఫీసరు ఎదురుగా నిలబడి చూస్తుండగా తొంభై మిల్లీలీటర్లు నింపాలి, నిండేదాకా ఆయన కదలడు. ఈ భాగం దగ్గర మావయ్య గొంతులో భక్తి పలుకుతుంది.

మొన్న గవరపాలెం వీధిలో ఈ ఉపన్యాసం నడుస్తుంటే మందులషాపు కుర్రాడు ఆయన బీపీ మాత్రల అట్ట తీసుకుని చదివాడు. "మావయ్యా, ఇందులో హైడ్రోక్లోరోథయజైడ్ ఉంది. ఒంట్లో నీరు తీసే మందు. శాంపిల్లో అసలు మందుని కప్పెడతాదని వాడా జాబితాలో ఉంది. దొరికితే రెండేళ్లదాకా నిషేధం."

"ఏటీ? హైడ్రో...?"

ముప్పై ఏళ్లు బెల్లంలో వెతికిన మనిషి కళ్లజోడు తీసి, తుడిచి, అట్టని వెలుగుకేసి పట్టి అక్షరం అక్షరం చదివాడు. సిగ్గుపడతాడనుకున్నాం. వెన్ను నిటారుగా చేసుకుని, లాల్చీ చేతులు పైకి మడిచి, ఆ రెండు చేతుల్నీ మార్చి మార్చి చూసుకున్నాడు.

"అయితే మరి ఆఫీసర్లు మనింటికీ వస్తారంటావా?"

లోపల్నుంచి అత్తయ్య గొంతు వినపడింది.

"తొంభై మిల్లీలీటర్లా? ఆ ఆఫీసరుని మంచం, దుప్పటీ తెచ్చుకోమను నాయనా. రాత్రి ఆరుసార్లు లేచినా ఈయనకి చెంచాడు రాదు."