బొగ్గువారి అన్నదానం

బొగ్గు అమ్ముకునేవారికి మొక్కల ఆకలి మీద బెంగ పట్టుకోవడం ఈనాటి ముచ్చట కాదు. అమెరికాలో విద్యుత్ సంస్థలకు బొగ్గు సమకూర్చే వెస్టర్న్ ఫ్యూయల్స్ అసోసియేషన్ 1992లోనే, భూగోళం పచ్చబడబోతోందంటూ ఓ వీడియో తీయించి పంచిపెట్టింది. కార్బన్ డయాక్సైడ్ కాలుష్యం కాదట, మొక్కలకు అన్నమట! అన్నదానానికి పేరుపడ్డ మన డొక్కా సీతమ్మగారు పొగను పొయ్యి దగ్గరే వదిలేసి విస్తట్లో అన్నం వడ్డించారు. ఈ దాతలు పొగనే వడ్డిస్తున్నారు.

మాటలో సగం నిజముంది కాబట్టే ఇన్నాళ్లు చెల్లుబాటయింది. పరిశ్రమలు రాకముందు గాలిలో 10 లక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లున్న ఈ వాయువు ఇప్పుడు 420 దాటింది. వరి, గోధుమ, లూసర్న్ దీన్ని తిని ఏపుగానే పెరుగుతాయి. జొన్న, మొక్కజొన్న, నేపియర్ గడ్డి మాత్రం విస్తరి ముందు పెద్దగా కూర్చోవు. ఆ వాయువును కూడబెట్టుకునే ఏర్పాటు వాటి ఆకుల్లో ముందే ఉంది. వాన మొహం చాటేసినప్పుడు కాస్త నీరు ఆదా, అంతే. మా రైతులు గేదెలకు కోసి వేసేది ఆ జొన్న చొప్పే, ఆ నేపియరే కదా అంటే దాతలకు వినబడదు.

సరే, ఏపుగా పెరిగినదాంట్లో ఏముంది? పిండిపదార్థం పోగవుతుంది, నత్రజనీ జింకూ ఆ వేగాన్ని అందుకోలేవు. పాలలో నీళ్లు పోస్తే బిందె నిండినట్టే. దాదాపు 550 పాళ్ల గాలిలో పండించిన పంటల లెక్కలు 2014లో వచ్చాయి: గోధుమలో జింకు 9 శాతం, బియ్యంలో ప్రొటీన్ 8 శాతం మేర తగ్గాయి.

మనిషైతే గుడ్డో పప్పో తిని సర్దుకుంటాడు. పశువు సంగతి వేరు. దాని పొట్టలో గడ్డిని అరిగించేవి సూక్ష్మజీవులు, వాటికి నత్రజని కావాలి. మేతలో ముడి ప్రొటీన్ (నత్రజనిని బట్టి కట్టే లెక్క) 7 శాతం కన్నా దిగితే అవి నీరసపడతాయి, పశువు మేయడమే తగ్గిస్తుంది. మన వరిగడ్డిలో అది ఇప్పటికే 4 శాతం చుట్టుపక్కల ఉంది. అందుకే పాడిరైతు తవుడూ నూనెగింజల చెక్కా కొంటున్నాడు. పొగ ఉచితమే, చెక్క కాదు. పైగా సరిగా అరగని మేతతో లీటరు పాలకు బయటపడే మీథేన్ కూడా ఎక్కువ. అన్నదానానికి ఇది తాంబూలం.

దాతల సొంత దేశంలోనే సాక్ష్యాలున్నాయి. కాన్సస్ రాష్ట్రంలోని కోంజా గడ్డిభూముల్లో మూడు దశాబ్దాల్లో గడ్డి సుమారు రెట్టింపయింది. దాన్ని తినే మిడతలేమో రెండు దశాబ్దాల్లో మూడో వంతు దాకా తగ్గిపోయాయి. గడ్డిలో నత్రజని, భాస్వరం, పొటాష్ పలచబడ్డాయి, పెరిగిన కార్బన్ డయాక్సైడ్ అందుకు ఓ ముఖ్య కారణమంటారు పరిశోధకులు. ఆ దేశపు పశువుల పేడనే 22 ఏళ్లపాటు, 36 వేలకు పైగా నమూనాలు పరీక్షించారు. వాటిని బట్టి చూస్తే మేతలో ప్రొటీన్ తగ్గుతూ వచ్చింది. పేడకు ప్రచార విభాగం ఉండదు కదా, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

ఉపగ్రహ చిత్రాల్లో భూమి పచ్చబడిన మాట నిజం. ఉపగ్రహానికి కనబడేది ఆకు, ప్రొటీన్ కాదు. మన పొలాల గట్లమీది వయ్యారిభామ కూడా దానికి పచ్చదనమే. నెదర్లాండ్స్ గాజు తోటల్లో టమాటాలకు ఈ వాయువును పట్టడం లేదా అంటారు. పడతారు, దాంతోపాటు నీరు, ఎరువు, వెచ్చదనం కొలిచి మరీ ఇస్తారు. దాతలు మన పొలానికి పొగ ఇచ్చి, ఎండ పెంచి, యూరియా బిల్లు రైతు చేతిలో పెట్టారు.

పిల్లిపెసర, అలసంద, లూసర్న్ నత్రజనిని తామే సమకూర్చుకుంటాయి కనుక వాటికి ఈ దెబ్బ తక్కువ. వాటి విత్తనాల కోసం ఏ బొగ్గు సంస్థా వీడియో తీయించలేదు. ఇకమీదట భూమి పచ్చబడిందని ఎవరైనా బొమ్మ పంపితే, అందులో ముడి ప్రొటీన్ ఎంతో అడగండి. చెప్పలేకపోతే చెక్క బస్తా రశీదు వారికే పంపండి.