‘రేపట్నుంచి రాలేను సార్’కు టీకా తాత్పర్యం

మూలం

సార్ ఇంట్లో కొంచెం ప్రాబ్లమ్. రేపట్నుంచి డ్యూటీకి రాలేను. లెటర్ ఇప్పించగలరు సార్.

(చివర జోడించిన రెండు చేతుల బొమ్మ ఉంది. కొన్ని ఫోన్లలో అది డబ్బాలా కనిపిస్తుంది. లేఖక దోషం కాదు.)

అవతారిక

ఈ మూలానికి కర్త మా మేనల్లుడు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కెమిస్ట్రీ చదివిన పిల్లలకు రణస్థలం మండలం పైడిభీమవరం ఒక క్షేత్రం. హైవే పక్కన మందుల కంపెనీలు, గేటు ముందు షిఫ్టు బస్సులు, వాటిలో కిటికీకి తల ఆనించి నిద్రపోయే ఎమ్మెస్సీలు. మావాడిది పదకొండు నెలల కాంట్రాక్టు, అదీ కాంట్రాక్టరు పేరోలు మీద. ఐదో నెల నిండకుండానే పరవాడలో ఇంకో కంపెనీ రెండు వేలు ఎక్కువిస్తానంది. బి షిఫ్టు దిగి, బస్సులో ఇంటికొస్తూ, రాత్రి పదకొండు గంటల వేళ వాట్సాప్‌లో పై రచన చేశాడు. అంతకుముందు ఎనిమిది గంటలపాటు ఇన్‌ఛార్జి వాడి ఎదురుగానే ఉన్నాడు. ఇది గుర్తుంచుకోవాలి, తర్వాత పని పడుతుంది.

తాతా సుబ్బరాయ శాస్త్రిగారు శబ్దేందుశేఖరమనే వ్యాకరణ గ్రంథానికి వ్యాఖ్య రాసిన విజయనగరం మాది. ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పి రిటైరైన వాడికి పది మాటల మూలం దొరికితే చెయ్యి ఊరుకుంటుందా.

ప్రతిపదార్థం

సార్ = ఓ షిఫ్టు ఇన్‌ఛార్జి గారూ! సంబోధన ప్రథమ. మంత్రానికి ముందూ వెనకా బీజాక్షరం పెట్టి సంపుటి చేసినట్టు, ఈ మాట మొదటా చివరా వచ్చింది. మధ్యలో ఉన్నది చెడ్డ కబురని దాన్నిబట్టే తెలుసుకోవాలి.

ఇంట్లో = గృహమునందు. ఆ ఇల్లు మా అక్కది. ఆ రోజు పొద్దున్న నేను వెళ్లి చూస్తే సుభిక్షంగా ఉంది, చేగోడీలు వేయిస్తోంది.

కొంచెం = పెద్దదంటే ఏమిటని అడుగుతారు, లేదంటే ఎందుకు మానేస్తున్నావంటారు. రెంటికీ మధ్య తూచి పెట్టిన మాట. కర్త ల్యాబులో తూకం నేర్చినవాడని దీంతో తేలుతోంది.

ప్రాబ్లమ్ = వాచ్యార్థం కష్టం. లక్ష్యార్థం పరవాడ. వ్యంగ్యార్థం రెండు వేలు.

ఇక్కడ కొంత ఆగాలి. చకోరం వెన్నెల తాగడం ఎవరూ చూడలేదు, హంస పాలూ నీళ్లూ వేరుచేయడం ఎవరూ చూడలేదు. అయినా కవులు రాస్తారు, మనం ఒప్పుకుంటాం. దాన్ని కవిసమయం అన్నారు. ‘ఇంట్లో ప్రాబ్లమ్’ అలాంటిదే. రాసేవాడికి అది నిజం కాదని తెలుసు. చదివేవాడికీ తెలుసు, ఎందుకంటే అతనూ ఒకప్పుడు రాసినవాడే. అందుకని ఇది అబద్ధాల జాబితాలోకి రాదు. మర్యాదల జాబితాలోకి వస్తుందా అన్నదే ప్రశ్న.

రేపట్నుంచి = నోటీసు లేకుండా అని భావం. కాంట్రాక్టు కాగితంలో ముప్పై రోజుల ముందు చెప్పాలనీ, లేదా ఆ జీతం వదులుకోవాలనీ ఉంది. కర్త ఆ కాగితం మీద సంతకం చేశాడే తప్ప చదివినట్టు ఆధారాల్లేవు. ఇలాంటి షరతుల్ని తేలిగ్గా తీసుకోకూడదు. మూడేళ్లు నిండకుండా మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు 2025 మేలో తీర్పు చెప్పింది. మావాడి కాంట్రాక్టరు అంత దూరం వెళ్లడు, ఆఖరి నెల జీతం దగ్గర ఆగుతాడు.

డ్యూటీకి = స్పష్టం.

రాలేను = ‘రాను’ అనలేదు. రాననడం నిరాకరణ, రాలేననడం అశక్తత. తన ఇష్టాన్ని తన చేతకానితనంగా చూపించడం ఇందులోని చమత్కారం. ఉత్తరాంధ్రలో పెళ్లి సంబంధాలు కూడా ఇలాగే వద్దంటారు.

లెటర్ = అనుభవ పత్రం.

ఇప్పించగలరు = ‘ఇవ్వగలరు’ అనకుండా ప్రేరణార్థకం వాడాడు. ఇన్‌ఛార్జికి ఇచ్చే అధికారం లేదు, కాంట్రాక్టరు చేత ఇప్పించాలి. మూలం మొత్తంలో సత్యానికి దగ్గరగా ఉన్న పదం ఇదొక్కటే.

శంక, సమాధానం

మధ్యలో మానేసినవాడికి లెటర్ అడిగే హక్కు ఎక్కడిదని శంక.

ఉంది. 1970 కాంట్రాక్టు కార్మిక చట్టం కింద 1971లో చేసిన కేంద్ర నియమాల్లో 77వది చెప్పిందేమంటే, పని ఏ కారణంచేత ముగిసినా సరే కాంట్రాక్టరు సర్వీసు సర్టిఫికెట్ ఇవ్వాలి, ఫారం 15లో. ‘ఏ కారణంచేతనైనా’ అన్న పదంలో పరవాడ కూడా ఇమిడిపోతుంది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోని 56వ సెక్షన్‌లో పాఠాంతరం ఉంది. అడిగితే ఇవ్వాలి అని. పాత పాఠంలో ఇవ్వడం కాంట్రాక్టరు పని, కొత్త పాఠంలో అడగడం కార్మికుడి పని. అంచేత ‘లెటర్ ఇప్పించగలరు’ అన్న వాక్యం, కర్తకు తెలియకపోయినా, శాస్త్రసమ్మతమే.

మరి ఆ ఐదు నెలల మాటే బయోడేటాలో రాయకపోతే పోలేదా అని ఇంకో శంక. పోదు. భవిష్యనిధి వాళ్లు 2014 నుంచీ మనిషికొక పన్నెండంకెల నంబరు ఇస్తున్నారు. చేరిన తేదీ, మానేసిన తేదీ అందులో పడి ఉంటాయి. కారణం గడిలో ‘సెస్సేషన్, షార్ట్ సర్వీస్’ అని ఉంటుంది. చిత్రగుప్తుడు కూడా ఇంత పొడిగా రాయడు.

తాత్పర్యం

ఓ సారూ, జీతం ఎక్కువ వచ్చింది, ఎదురుగా చెప్పడానికి మొహం చెల్లలేదు, అయినా నా గురించి మంచిగా రాయించు.

విశేషాలు

మన వైపు మొదటి రిఫరెన్స్ చెక్ ఎక్కడ జరిగిందని విద్యార్థులు అడుగుతుంటారు. కన్యాశుల్కంలో. 1892లో విజయనగరంలోనే తొలిసారి ఆడిన నాటకం. గిరీశం ఊళ్లో అప్పులు ఎగ్గొట్టి, వెంకటేశానికి చదువు చెప్పే మిషతో కృష్ణరాయపురం అగ్రహారం చేరాడు. అది స్వల్పకాలిక ఉద్యోగం. గడువు ముగియకుండానే బుచ్చమ్మతో వెళ్లిపోయాడు. కొత్త చోట, అంటే విశాఖపట్నంలో సౌజన్యారావు పంతులు దగ్గర, ఉపన్యాసాలతో బయోడేటా బ్రహ్మాండంగా పెట్టాడు. పంతులుగారు నమ్మారు కూడా. విజయనగరం నాటి మనిషి మధురవాణి నోరు విప్పేసరికి ఆ బయోడేటా ఏమైందో అందరికీ తెలుసు. ఆ పని నోటిమాట చేసిందని గమనించాలి.

కాగితం లేని రిఫరెన్స్ మా తీరంలో ఇప్పటికీ నడుస్తోంది. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం నుంచి, పూసపాటిరేగ వైపు ఊళ్ల నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్తారు. వానాకాలపు నిషేధం ఎత్తేశాక మొదలై ఎండాకాలం దాకా సాగే పని. ముందే అడ్వాన్సు. బోటు పెద్ద తండేలు. 2025లో ఆ పేరుతో సినిమా వచ్చాక ఆ మాట అందరికీ తెలిసింది గానీ, ఆ ఊళ్లలో అది బయోడేటాకు ఇంకో పేరు. వచ్చే సీజనుకు ఎవరు బోటెక్కాలో తండేలు నోటిమాటే చెబుతుంది. మధ్యలో మానేయడమన్న ప్రశ్న పెద్దగా రాదు, నడిసముద్రంలో రాజీనామా చెల్లదు. 2018 నవంబర్‌లో ఈ మత్స్యకారుల్లో కొందరు పాకిస్తాన్ వాళ్లకు చిక్కారు, వారిలో ఇరవై మంది 2020 జనవరిలో వాఘా దగ్గర ఇటు అడుగుపెట్టారు. వాళ్ల ఆ పదమూడు నెలల పైచిలుకుని ఏ ఫారంలో రాస్తారో నాకు తోచదు. వ్యాఖ్య ఇక్కడ ఆపుతున్నాను.

పాఠాంతరం

మూలకర్తకు లెటర్ వచ్చింది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేశాడు, నడవడి సంతృప్తికరం, అంతే. ఊళ్లో అందరికీ ఇచ్చే లెటరే. పరవాడ హెచ్చార్ కుర్రాడు దాన్ని పక్కన పెట్టి పాత ఇన్‌ఛార్జికి ఫోన్ చేశాడు. ఈ సంగతి నాకెలా తెలుసంటే, ఆ కుర్రాడు మా వీధి కోడలికి తమ్ముడు. మా రెండు జిల్లాల్లో రహస్యం దాచాలంటే చుట్టరికాలు రద్దు చేయాలి.

ఇన్‌ఛార్జిది చీపురుపల్లి. ఫోన్‌లో ఆయనన్నది ఇంతే. ‘గుంటడు మంచోడే.’

తర్వాత మౌనం. కుర్రాడు ఆ రాగం కూడా తీసి నాకు వినిపించాడు.

ఇక్కడి ఏకారం చాలా లోతైనది. వ్యాకరణం ప్రకారం ఇది అవధారణార్థకం, అంటే మంచివాడే, సందేహం లేదు అని. వ్యవహారంలో అది ‘గానీ’ వైపు వంగుతుంది. ‘మంచోడు’ అంటే ఉద్యోగం వస్తుంది, ‘మంచోడే’ అంటే ఆగుతుంది. ఫారం 15 దీన్ని పట్టుకోలేదు, 56వ సెక్షన్ పట్టుకోలేదు, ఏ కోర్టులోనూ ఒక ఏకారం మీద దావా వేయలేం. మానేసినందుకు ఆయనకు కోపం లేదట. పైడిభీమవరంలో ఎవరు పదకొండు నెలలూ ఉంటారు కనక? ‘ఎనిమిది గంటలూ ఎదురుగా ఉన్నాడు, సెప్పకుండా ఎలిపోనాడు’ అని ఇంకెవరితోనో అన్నాడట. అదీ చుట్టరికం మీదనే తెలిసింది.

పరవాడ వాళ్లు ‘చెప్తాం’ అని మూడు వారాలైంది. ‘చెప్తాం’కు టీక అక్కర్లేదు.

మావాణ్ణి నేనే పంపాను, వెళ్లి ఎదురుగా నిలబడి చెప్పిరా అని. బి షిఫ్టు వదిలే వేళకు గేటు బయట టీ కొట్టు దగ్గర కాసుకుని నుంచున్నాడు. ఇన్‌ఛార్జి వచ్చి రెండు టీలు చెప్పాడు. మావాడు నేలచూపులు చూస్తుంటే ఆయనే అడిగాడట.

‘ఏటి బాబూ, ఇంట్లో పోబ్లం ఎంతేటి? రెండేలా, మూడేలా?’

‘రెండు సార్’ అన్నాట్ట.