సోమవారం రాత్రి అరుపులను గురించి సవివర సమాధానం



‘సోమవారం రాత్రి ఆ ఇంట్లో ఎవరు ఎవరిని కొడుతున్నారు, మధ్యలో అంకెలు లెక్కపెట్టేదెవరు, పోలీసులు గానీ రాలేదు కదా?’ అని అమ్మ పంపిన ప్రశ్నే ఈ లేఖకు మూలం. ఉత్తరంలో సొంత గొడవ తగ్గించి విషయం పెంచాలని హైస్కూలు తెలుగు పండితులుగా నాన్నగారు పిల్లలకు చెబుతూ వచ్చిన సూత్రాన్ని ఇందులో తు.చ. తప్పక పాటించడమైనది కనుక, ‘లేఖకుడు’ అని కనబడిన చోటల్లా పెద్దబ్బాయి అని అర్థం చేసుకోవలసి ఉంటుంది. తక్కిన ప్రశ్నలకు సమాధానాలు క్లుప్తంగా ఇవి: అన్నం ఇంట్లోనే వండుతున్నారు, చలికోటు ఉంది, అరోరా బాలాజీ గుడికి వెళ్ళిరావడం మానలేదు, కారు నడుపుతూ ఫోను మాట్లాడడం లేదు. కాకినాడ సంబంధం సంగతి చివర వస్తుంది.

ఇంట్లో ఎవరూ ఎవరినీ కొట్టడం లేదు. అమ్మ తెల్లవారుజామునే లేచి దీపం పెట్టి, మంగళవారం కనుక ఆంజనేయస్వామికి తమలపాకులు సమర్పించి, ఆ తర్వాత తీరిగ్గా ఫోను చేసే సమయం ఋతువును బట్టి ఐదున్నరో ఆరున్నరో కావడమూ, షికాగో ప్రాంతంలో అప్పుడు సోమవారం సాయంత్రం ఏడు గంటలు కావడమూ, సరిగ్గా ఆ ఏడింటికే ‘మండే నైట్ రా’ అనే కుస్తీ కార్యక్రమం ప్రత్యక్ష ప్రసారం మొదలవడమూ కేవలం కాలమాన భేదం తెచ్చిపెట్టిన ఇబ్బంది. 1993 జనవరి 11న న్యూయార్క్‌లోని మాన్‌హట్టన్ సెంటర్‌లో మొదలైన ఈ కార్యక్రమం వారం వారం నడుస్తూ, కేబుల్ టీవీలో మూడు దశాబ్దాలు గడిపి, 2025 జనవరి 6 నుంచి నెట్‌ఫ్లిక్స్‌కు మారింది. దీన్ని నడిపే సంస్థ కొత్తదేమీ కాదు. లేఖకుడి చిన్నతనంలో నాన్నగారు లాక్కుని అటక మీద పడేసిన ట్రంప్ కార్డుల మీద ఎత్తు, బరువు, ర్యాంకులతో సహా కనిపించినవారు ఈ సంస్థ వస్తాదులే. అప్పట్లో డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్. అనేవారు; అవే అక్షరాలున్న వన్యప్రాణి సంరక్షణ సంస్థతో కోర్టు తగాదాలో ఓడిపోయి 2002లో డబ్ల్యూ.డబ్ల్యూ.ఈ. అయింది. ఫలితం ముందుగా రాసిపెట్టకుండా ఈ సంస్థ ఓడిన పోటీ బహుశా అదొక్కటే కావచ్చు.

ఎందుకంటే ఈ కుస్తీలో గెలుపోటములు ముందే నిర్ణయమై ఉంటాయి. మంచివాడి వేషం కట్టినవాడిని ‘ఫేస్’ అనీ, దుష్టుడి వేషం కట్టినవాడిని ‘హీల్’ అనీ, ఒకడు రెండోవాడుగా మారిపోవడాన్ని ‘టర్న్’ అనీ, తగలని దెబ్బకు తగిలినట్టు విలవిలలాడడాన్ని ‘సెల్లింగ్’ అనీ, ఇదంతా నిజమేనన్నట్టు రింగు బయట కూడా మసలుకునే కట్టుబాటును ‘కేఫేబ్’ అనీ ఆ వృత్తిలోనివారు వ్యవహరిస్తారు. ఆ కట్టుబాటు ఒకప్పుడు ఎంత గట్టిగా ఉండేదంటే, 1987లో రింగులో బద్ధశత్రువులైన జిమ్ డగన్, ఐరన్ షేక్ ఒకే కారులో వెళుతూ న్యూజెర్సీలో మాదకద్రవ్యాలతో పోలీసులకు చిక్కినప్పుడు, దొరికిన సరుకు కంటే వాళ్ళిద్దరూ కలిసి ప్రయాణం చేయడమే పెద్ద అప్రతిష్ఠగా తోచింది. ఆ తర్వాత రెండేళ్ళకు, 1989లో, అదే న్యూజెర్సీ శాసనసభ ముందు సంస్థ తానుగా ఇది పోటీ కాదు, వినోదం మాత్రమేనని ఒప్పుకుంది; క్రీడాపోటీలకు ఉండే నియంత్రణ నుంచీ పన్ను నుంచీ బయటపడడం దాని ఉద్దేశం. తరతరాలుగా ప్రాణప్రదంగా దాచిన రహస్యాన్ని చివరకు పన్ను బయటపెట్టించింది.

అందుచేత ‘తేలిపోయిన పందేనికి గొంతు చించుకోవడమెందుకు’ అన్న నాన్నగారి ఆక్షేపణ విచారించదగినదే. అయితే ఆ రాత్రి జరిగే మొత్తం వ్యవహారంలో ఎవరూ రాసిపెట్టలేనిది ఒకటుంది, అది చూసేవారి అరుపు. ఆ అరుపును బట్టి రాత మారుతుంది. కనుక అరుపుల్లోని రకాలను ఒక్కొక్కటిగా చూడవలసి ఉంది.

మొదటిది ‘పాప్’. వస్తాదు ఇంకా కనబడకముందే అతని పాటలోని తొలి శబ్దానికే హాలంతా ఒక్కసారి లేచి వేసే కేక ఇది. స్టీవ్ ఆస్టిన్ పాట అద్దం భళ్ళున పగిలే చప్పుడుతోనూ, అండర్‌టేకర్ పాట గంట మోతతోనూ మొదలవుతాయి. ఆమధ్య ఫోనులో విని ఇంట్లో కంచాలో గ్లాసులో పగిలాయని అమ్మ కంగారుపడినది, వరంగల్ రూమ్మేటు పెట్టిన పాత ఎపిసోడులో ఆస్టిన్ రావడాన్ని గురించే అయి ఉంటుంది. రెండవది లెక్క. ప్రత్యర్థి భుజాలు రెండూ నేలకు ఆనేలా అదిమి పట్టినప్పుడు రిఫరీ పక్కన పడుకుని అరచేత్తో నేల మీద మూడుసార్లు చరుస్తాడు, మూడూ పూర్తయితే ఓటమి. ‘వన్’ అందరూ మామూలుగానే అంటారు. ‘టూ’ దగ్గర గొంతు పెరుగుతుంది. మూడో చరుపు పడబోయే చివరి క్షణంలో కిందివాడు భుజం ఎగరేస్తే ‘టూ’ అనే మాటనే మళ్ళీ, ఈసారి ఆస్తి పోయినంత బాధతో, అంటారు. ఆ సమయంలో భీమవరం రూమ్మేటు సోఫాలోంచి లేచి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, చప్పుడు చేయకుండా కూలబడతాడు. కింది వాటాలో ఉండే మెక్సికో పెద్దాయన మాత్రం, తమ దేశంలో ముసుగులు తొడుక్కుని చేసే ‘లూచా లిబ్రే’ కుస్తీ చూస్తూ పెరిగినవాడు కావడం చేత, రిఫరీతో పాటు తానూ కార్పెట్ మీద అరచేత్తో దబదబా చరుస్తాడు. అమ్మకు వినిపించిన దెబ్బలు ఇవే. రాత్రిపూట గోల అని పోలీసులకు ఫిర్యాదు చేయవలసిన వ్యక్తి చిప్స్ పొట్లంతో సహా పైకి వచ్చి కూర్చుంటున్నాడు కనుక ఆ భయం కూడా లేదు.

దుష్టుడికి వచ్చే తిట్లను ‘హీట్’ అంటారు. అది ఎంత వస్తే ఆ వేషం అంత పండినట్టు. ఏడున్నర సీరియల్లో అత్త వేషం వేసే ఆవిడను అమ్మ రోజూ శపిస్తున్నదంటే ఆవిడకు జీతం గిట్టుబాటవుతున్నట్టే. ప్రమాదమల్లా మౌనంతోనే. ప్రేక్షకులు చేతులు కట్టుకుని కూర్చున్నారంటే ఆ వస్తాదు కొన్ని వారాల్లో తెరమరుగవుతాడు. ఇవి గాక ప్రేక్షకులు తమకు తాముగా కల్పించుకున్న నినాదాలున్నాయి. జాన్ సీనా రింగులోకి వచ్చినప్పుడు పిల్లల సన్నగొంతులు ‘లెట్స్ గో సీనా’ అని ఎత్తుకుంటే, మగవాళ్ళ బొంగురుగొంతులు అదే తాళంలో ‘సీనా సక్స్’ అని బదులిచ్చేవి. ఏళ్ళ తరబడి సాగిన ఈ జుగల్‌బందీలో ఏ పక్షమూ అలిసిపోలేదు. 2023 సెప్టెంబరు 8న సీనా హైదరాబాదు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి వచ్చినప్పుడు బుజ్జి అక్కడికి వెళ్ళి అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటే పిన్ని మిరియాల పాలు కాచి ఇచ్చింది తప్ప, పోలీసులు వచ్చారా అని ఎవరూ అడగలేదన్న విషయాన్ని ఇక్కడ నమోదు చేయడం అవసరం.

ప్రేక్షకులు రాతను ఎలా మార్చుతారో రోమన్ రెయిన్స్ అనే వస్తాదు విషయంలో కనిపిస్తుంది. అతన్ని కథానాయకుడిగా నిలబెట్టాలని సంస్థ ఏళ్ళ తరబడి పట్టుబట్టింది, జనం ఒప్పుకోలేదు. 2015 జనవరిలో ఫిలడెల్ఫియాలో ‘రాయల్ రంబుల్’ పోటీ గెలిచిన అతని చేతిని సాక్షాత్తూ రాక్ అంతటి వస్తాదు వచ్చి ఎత్తి పట్టినా తిట్లు ఆగలేదు. 2017 ఏప్రిల్ 3న ఆర్లాండోలో, ముందు రోజు అండర్‌టేకర్‌ను ఓడించిన గర్వంతో అతను రింగులో మైకు పట్టుకుని నిలబడితే, మాట్లాడనివ్వకుండా దాదాపు పది నిమిషాలు హాలంతా ఈసడించింది. అతను ఒకే ఒక్క వాక్యం చెప్పి వెళ్ళిపోయాడు. 2018 అక్టోబరు 22న ప్రావిడెన్స్‌లో మళ్ళీ తిట్లతోనే రింగులోకి వచ్చిన అతను, ఆ రోజు వేషం పక్కన పెట్టి, తన అసలు పేరు జో అనీ, పదకొండేళ్ళుగా రక్తకాన్సరుతో బతుకుతున్నాననీ, అది తిరగబెట్టిందనీ చెప్పి చాంపియన్ బెల్టును నేల మీద పెట్టాడు. అంతకు రెండు నిమిషాల ముందు తిట్టిన గొంతులే అతని పేరు పిలిచాయి, చాలామంది ఏడ్చారు. తాము తిట్టినది వేషాన్నే గాని మనిషిని కాదని ఆ రాత్రి వాళ్ళు తమకు తాము చెప్పుకోవలసి వచ్చింది. 2019 ఫిబ్రవరిలో అతను కోలుకుని వచ్చాడు. 2020 ఆగస్టులో సంస్థ అతన్ని దుష్టుడిగా మార్చింది. మంచివాడుగా ఉన్నంత కాలం భరించలేని జనం అప్పటి నుంచి ఒక వేలు పైకెత్తి నీరాజనాలు పట్టారు. ఇందులోని తర్కం మెక్సికో పెద్దాయనకు ఇంకా మింగుడుపడలేదు. ఆయన దుష్టుడికి చప్పట్లు కొట్టడు.

అరుపు లేకపోతే ఏమవుతుందో 2020 మార్చిలో కరోనా తేల్చింది. ఆర్లాండోలోని శిక్షణ కేంద్రంలో ఖాళీ కుర్చీల ముందు వస్తాదులు కొట్టుకుంటూ ఉంటే వాళ్ళ బూట్ల కిరకిర, ఆయాసం, పక్కవాడితో గొణిగే మాటలు కూడా వినబడేవి. అంతటి భారీ శరీరాలు పాపం వెర్రివాళ్ళలా కనిపించాయి. ఆగస్టు నుంచి రింగు చుట్టూ వరసగా తెరలు పెట్టి, ఇళ్ళలో కూర్చున్న అభిమానుల ముఖాలను వాటిలో చూపించి, రికార్డు చేసిన కేకలు కలిపారు. ముఖాలన్నీ ఉన్నాయి, శబ్దమూ ఉంది, అయినా ఏదో వెలితి. ఆదివారాలు వీడియో కాల్‌లో ఇంటివారిని చూసుకునేవారికి ఆ వెలితిని వేరే వివరించనక్కరలేదు.

షికాగోవారికి ఈ అరుపు విద్యలో ప్రత్యేకమైన పేరుంది. ఈ ఊరివాడే అయిన సీఎం పంక్ అనే వస్తాదు 2014 జనవరిలో అలిగి సంస్థను వదిలిపోతే, అప్పటి నుంచి ఎవరి కుస్తీ విసుగనిపించినా ప్రేక్షకులు అతని పేరే జపించసాగారు. ఆ ఏడు మార్చి 3న ఇక్కడ జరిగిన ‘రా’లో అతని పాట మోగేసరికి హాలంతా ఊగిపోయింది, తీరా వచ్చినది అతని పాత మేనేజరు పాల్ హేమన్. చివరకు 2023 నవంబరు 25న రోజ్‌మాంట్‌లోని ఆల్‌స్టేట్ ఎరీనాలో శనివారం రాత్రి జరిగిన వేరే కార్యక్రమం ముగిసిందనుకున్న వేళ అదే పాట మోగింది, ఈసారి మనిషే వచ్చాడు. దాదాపు పదేళ్ళు ఒక ఊరు ఒకడి పేరు పిలుస్తూ కూర్చుందన్నమాట. అది చూస్తూ చూస్తూ వరంగల్ రూమ్మేటు ఉన్నట్టుండి లేచి బాల్కనీలోకి వెళ్ళి వాళ్ళమ్మకు ఫోను చేశాడు. అక్కడ ఆదివారం టిఫిన్ల వేళ. పెనం మీద అట్టు ఉంది, తర్వాత చెయ్యమని ఆవిడ పెట్టేసింది.

‘అన్నీ దొంగ దెబ్బలే’ అన్న నాన్నగారి మాట సగం వరకే నిజం. రింగు అంటే ఇనుప చట్రం, దాని మీద చెక్కలు, ఆ పైన పలుచని ఫోము, ఒక గుడ్డ. దాని మీద వెల్లకిలా పడడం వారానికి ఇన్నిసార్లని పడేవాడి వెన్నుకు తెలుస్తుంది. 1998 జూన్ 28న పిట్స్‌బర్గ్‌లో మిక్ ఫోలీ సుమారు 16 అడుగుల బోను పైనుంచి కింద ఉన్న బల్ల మీద పడ్డాడు. ఎక్కడ పడాలో ముందే తెలిసినంత మాత్రాన పడడం నాటకం కాదు. అయితే వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తినాయుడు గారి ముందు వీళ్ళెంత అన్న అభిప్రాయంతో లేఖకుడికి పేచీ లేదు. ఆయనలా గుండె మీద ఏనుగు నిలబడ్డప్పుడు సెల్లింగ్‌తో పనిలేదు.

సెల్లింగ్ ప్రసక్తి వచ్చింది కనుక ఒక మాట. తగలని దెబ్బను తగిలినట్టు చూపించడం ఆ వస్తాదుల విద్య కాగా, తగిలిన దెబ్బను తగలనట్టు చూపించే విద్య అక్కడి ఇంట్లో ఎంతో కాలంగా సాగుతున్నది. నాన్నగారు స్నానాలగదిలో జారిపడి కాలికి కట్టు కట్టించుకున్న సంగతి పిన్ని నోరు జారితే తప్ప తెలియలేదు. అన్నాళ్ళూ వీడియో కాల్‌లో ఆయన భుజాల నుంచి పైకే కనిపించడం, అమ్మ ఫోనును అంత స్థిరంగా పట్టుకోవడం, ‘వాకింగుకి వెళ్ళొచ్చారు, అలిసిపోయారు’ అనడం, అన్నీ ఇప్పుడు ఆలోచిస్తే డగన్, షేక్‌లకు పాఠం చెప్పదగిన కేఫేబ్. ఇక్కడి నుంచి వెళ్ళే ‘భోజనం అయింది’ అన్న మాట కూడా ఆ కోవలోదే కాదని లేఖకుడు గట్టిగా వాదించలేడు. ఎనిమిదివేల మైళ్ళ దూరంలో ఉన్నవారికి కంగారు కలిగించకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ ఇక్కడ కంగారుపడడానికి కారణాలు లేనప్పుడు పోలీసుల దాకా వెళ్ళే ఊహ, అక్కడ నిజంగా ఎముక విరిగినప్పుడు ఎటు పోయిందో తెలియడం లేదు. ఈసారి ఫోనులో కాలు కనిపించాలి.

మంగళవారం ఫోను ఆ కార్యక్రమం అయ్యాక చేసినా, లేదా బుజ్జి అకౌంటులో నెట్‌ఫ్లిక్స్ పెట్టుకుని అమ్మ కూడా చూసినా ఇబ్బంది లేదు. చూసేటట్లయితే ఎవరిని తిట్టాలో ముందు రోజు మెసేజి పెట్టడం జరుగుతుంది, లేకపోతే అందంగా ఉన్నవాడు మంచివాడని అమ్మ పొరబడే అవకాశం ఉంది. ఆవకాయ చేరింది, సీసా మూత కారలేదు. నాన్నగారి మందుల చీటీ ఫొటో తీసి పంపించాలి, రెండు వైపులా. కాకినాడ సంబంధం విషయంలో అమ్మాయితో ఒకసారి మాట్లాడడానికి అభ్యంతరం లేదు. మాట్లాడే రోజు సోమవారం కాకుండా చూడాలి, ఈ లేఖ మాత్రం వాళ్ళకు చూపించకూడదు.

ఇట్లు,
లేఖకుడు (పెద్దబ్బాయి)