ఆన్‌లైన్ వేలంలో నెగ్గడం ఎలా?

1995 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని ప్రోగ్రామర్ పియర్ ఒమిద్యార్ కొత్తగా పెట్టిన తన వెబ్‌సైటులో ఒక లేజర్ పాయింటరును వేలానికి ఉంచాడు. అది పాడైపోయింది. ఆ సంగతి దాచకుండా రాశాడు కూడా. పాట 14 డాలర్ల 83 సెంట్ల దగ్గర ఆగింది. కొన్నాయన చూసుకోకుండా కొన్నాడేమోనని ఒమిద్యార్ అడిగితే, తాను పాడైన లేజర్ పాయింటర్లే సేకరిస్తానని ఆయన జవాబిచ్చాడు. ఆ వెబ్‌సైటే తర్వాత ఈబే అయింది. ఆన్‌లైన్ వేలంలో దిగదలచినవారు ముందుగా గమనించవలసింది ఇదే: వస్తువు పనిచేస్తుందా లేదా అన్నది చిన్న విషయం. పాట నెగ్గడమే ప్రధానం.

కొనేవారికి మొదటి సూచన. ఎంతవరకు పాడాలన్నది ముందే అనుకోకూడదు. అనుకున్నా ఇంట్లో చెప్పకూడదు. ఈబేలో ఒక చెడ్డ సౌకర్యం ఉంది. తాను ఇవ్వగల గరిష్ఠ ధరను ఒక్కసారి నమోదు చేస్తే చాలు, మిగతా పాట యంత్రమే పాడుతుంది. అవతలివాడు పెంచినప్పుడు మాత్రమే, అవసరమైనంతే పెంచుతుంది. చివరికి నెగ్గినవాడు కట్టేది తన గరిష్ఠ ధర కాదు, రెండో స్థానంలో ఆగినవాడి ధర మీద మరో మెట్టు. అంటే ధర తేల్చేది ఓడినవాడి పంతం. కాబట్టి మనసులో ఉన్న అసలు ధర ఒకసారి నమోదు చేసి భోజనానికి లేచిపోవడమే తెలివైన పని. అందులో మజా ఏముంది? ‘మీ పాటను మరొకరు దాటారు’ అన్న కబురు ఫోన్లో మోగిన ప్రతిసారీ ఇంకో వంద కలపాలి. ఇది రాత్రి పదకొండు దాటాక చేస్తే ఫలితం త్వరగా కనిపిస్తుంది.

రెండోది, చివరి క్షణం దాకా కాచుకుని కూర్చోవడం. ఈ విద్యకు శాస్త్రబలం ఉంది. తర్వాత 2012లో నోబెల్ అందుకున్న ఆల్విన్ రాత్, మరో ఆర్థికవేత్త ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ కలిసి 2002లో ఒక పరిశోధన అచ్చువేశారు. అప్పట్లో ఈబే పాట గడియారం ప్రకారం ముగిసేది. అమెజాన్ కూడా వేలాలు నడిపేది గాని, ఆఖర్లో ఎవరైనా పాడితే అక్కడినుంచి మరో పది నిమిషాలు ఆగేది. ఆఖరి నిమిషంలో మీదపడే జనం ఈబేలోనే ఎక్కువని వారు తేల్చారు. అది చదివి మన బ్యాంకుల, ప్రభుత్వ సంస్థల ఈ-వేలంలో ప్రయోగించబోయేవారికి ఒక మనవి. ఇక్కడ నడిచేది ఎక్కువగా అమెజాన్ పద్ధతే. చివరి ఐదు నిమిషాల్లో ఎవరు పాడినా గడువు ఇంకో ఐదు నిమిషాలు జరుగుతుంది. ఇద్దరు మొండివాళ్లు తగిలితే నాలుగింటికి ముగియాల్సిన పాట దీపాలు పెట్టే వేళకు కూడా తెమలదు. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ 2023 ఆగస్టులో కోకాపేట భూములను ఆన్‌లైన్‌లో అమ్మినప్పుడు ఎకరం కనీస ధర 35 కోట్లు. ఒక ప్లాటు దగ్గర పాట ఎకరం 100 కోట్ల 75 లక్షలకు చేరి గాని ఆగలేదు.

అంత స్తోమత లేనివారు బ్యాంకు నోటీసులు చూడాలి. అప్పు తీర్చనివారి ఆస్తిని సర్ఫేసీ చట్టం కింద బ్యాంకులు ఇలా అమ్ముకుంటాయి. పేపర్లో అరపేజీ నిండా చీమల బారులాంటి అక్షరాలు, రిజర్వు ధర, అందులో పది శాతం ధరావతు, పాట తేదీ. వీటిలో చదవవలసింది రిజర్వు ధర ఒక్కటే. ఆ వీధిలో గజం ఎంత పలుకుతోందో దానితో పోల్చి, మిగిలే లాభాన్ని అప్పుడే ఖర్చుపెట్టేయాలి. కింద ‘ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే, ఏదున్నది అదే’ అన్న షరతు కనిపిస్తుంది. అది అలంకారమని అనుకోవాలి. నిజానికి ఆ మూడు ముక్కల్లో ఇంటి పన్ను బకాయి, కరెంటు బిల్లు, అపార్టుమెంటు సంఘానికి పడిన బాకీ, అన్నదమ్ముల వాటా దావా అన్నీ ఇమిడిపోతాయి.

‘సింబాలిక్ పొజెషన్’ అని ఉంటే మరీ మంచిది. బ్యాంకువాళ్లు వచ్చి తలుపుకు కాగితం అంటించి వెళ్లారు, లోపల కాపురం మాత్రం యథాప్రకారం సాగుతోందని దాని అర్థం. ఖాళీ చేయించాలంటే బ్యాంకు 14వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లాలి. పాట నెగ్గినవారు ఈలోగా పూజగది ఎటు పెట్టాలో ఆలోచించుకోవచ్చు. ఆస్తి చూసుకోవడానికి నోటీసులో ఒక తేదీ ఇస్తారు. వెళ్లకపోవడం ఉత్తమం. వెళ్లినా గేటు బయట సెల్ఫీ తీసుకుని వచ్చేయాలి గాని పక్కింటావిడతో మాట కలపకూడదు. పాతికవేలు పుచ్చుకున్న వకీలు రాయని సంగతులు ఆవిడ పది నిమిషాల్లో చెప్పేస్తుంది. అవి వింటే పాడే ఉత్సాహం చచ్చిపోతుంది.

డబ్బు సంగతి తర్వాత చూసుకోవచ్చు. పాట ఖాయమైన రోజునో, మరుసటి పనిదినానికో ధరావతుతో కలిపి నాలుగో వంతు కట్టాలి. మిగతా ముప్పాతిక, అమ్మకం ధ్రువపడిన పదిహేను రోజుల్లో. ఈ లోపల హోంలోన్ వచ్చేస్తుందని నమ్మేవారు ఉన్నారు. తమిళనాడులో ఒకాయన 12 కోట్ల 27 లక్షలకు పాట పాడి, పాతిక శాతం, అంటే మూడు కోట్లకు పైగా, కట్టి, మిగతాది కట్టలేకపోయాడు. బ్యాంకు ఆ సొమ్మంతా జప్తు చేసుకుంది. అది సబబేనని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఇంటి బాధలు వద్దనుకునేవారికి బండి నంబర్లున్నాయి. నంబరుకు పన్ను బకాయి ఉండదు, లోపల ఎవరూ కాపురం ఉండరు. 2024లో ఖైరతాబాద్ ఆర్టీఏ ఆన్‌లైన్ వేలంలో 9999 నంబరు పాతిక లక్షల యాభై వేలు దాటింది. హర్యానాలో 2025 నవంబరులో హెచ్‌ఆర్ 88 బి 8888 నంబరు యాభై వేల దగ్గర మొదలై కోటీ 17 లక్షలకు చేరింది. ఇంగ్లిషు బి కూడా 8లాగే కనబడుతుందన్నది దాని గొప్ప. నెగ్గినాయన గడువులోగా డబ్బు కట్టలేదు. ధరావతు పోయింది. అంతటితో పోలేదు: ఆయన ఆదాయం, ఆస్తుల లెక్క చూడమని ఆ రాష్ట్ర రవాణా మంత్రి అనిల్ విజ్ ఆదేశించారు. కాబట్టి ఆదాయపన్ను వారితో పరిచయం లేదని బాధపడేవారికి ఫ్యాన్సీ నంబరు దగ్గర దారి.

ఇక అమ్మేవారికి. అబద్ధం రాయకూడదు, నిజాన్నే ఎవరూ చదవని చోట రాయాలి. 2013లో ఇంగ్లండులో ఒక కుర్రాడు ఈబేలో ఎక్స్‌బాక్స్ వన్ అనుకుని 450 పౌండ్లు పోసి ఒక ఫొటో కొన్నాడు. ఫొటో అని ప్రకటనలో ఉంది మరి. ఈబే అతని డబ్బు తిరిగి ఇప్పించింది గనుక ఈ విద్య ఒక్కసారికే పనికొస్తుంది.

స్పెల్లింగు పట్టింపు అక్కర్లేదు. ఆర్కిటిక్ యాత్ర కోసం 1852లో కాచిన ఆల్‌సోప్స్ బీరు సీసాను అమెరికాలో ఒకరు ఈబేలో పెడుతూ పేరులో ఒక ‘పి’ మింగేశారు. వెతికేవారికి కనబడలేదు, 304 డాలర్లకు పోయింది. కొన్నాయన 2007లో ఆ ‘పి’ చేర్చి, సీసా కథంతా రాసి మళ్లీ వేలానికి పెడితే పాట 5,03,300 డాలర్ల దాకా ఎగబాకింది. వార్త ప్రపంచమంతా పాకింది. డబ్బు మాత్రం రాలేదు, ఆ ఆఖరి పాట ఉత్తుత్తిది.

ఇలాంటప్పుడు ఏం చేయాలో ఈబే ముందే ఆలోచించి పెట్టింది. రెండో స్థానంలో ఆగిన పాటదారుకు, ఆయన పాడిన ధరకే వస్తువు ఇస్తామని అమ్మేవారు కబురు పంపవచ్చు. పంపేముందు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ పెద్దమనిషి ఓడిన రాత్రి తిట్టుకుంటూ పడుకుని, పొద్దున్నే లేచి కాఫీ తాగి, బ్యాంకు ఖాతాలో డబ్బు అలాగే ఉండటం చూసుకుని ఉంటాడు.