ఒకటో తారీకు చుట్టం

ఒకటో తారీకు తెల్లారకముందే నన్ను ఫోనుకు తగిలిస్తారు. ఆ రోజు ఆదివారమైతే ముందురోజే. 2020 ఫిబ్రవరిలో పింఛను ఇంటింటికీ రావడం మొదలైనప్పుడు చీపురుపల్లి వచ్చిన వేలిముద్రల మిషనుని. మా సందుల్లో నేను ఎరగని ముసలి బొటనవేలు లేదు.

ఆ వేళ్లని చూడాలి మీరు. ఊడుపులూ కోతలూ చేసి, చింతపండు వలిచి, బొక్కెన తాడు లాగి గీతలన్నీ అరిగిపోయాయి. "తంబు పడ్డం లేదు మామ్మా, సెయ్యి తుడుసుకో." కొంగుకి తుడుస్తుంది, ఇంకో వేలు పెడుతుంది, తప్పంతా తనదే అయినట్టు నొచ్చుకుంటుంది. నా చేతకానితనానికి ఆవిడ సిగ్గుపడడమేమిటో!

స్టేషను వైపు ఒక మామ్మ ఒంటరిగా ఉంటుంది. ఒక కొడుకు విశాఖలో, ఇంకొకడు హైదరాబాదులో తాపీ పనికి. రమ్మంటారు, ఆవిడే వెళ్లదు. "ఆల్లింట్లో ఓ మూల కూకోవాల. ఇక్కడైతే నా పొయ్యి, నా తలుపు." బియ్యం రేషనువి. పింఛనులోంచి కరెంటు బిల్లు, బీపీ మాత్రలు, కూరా నారా. కనకమహాలక్ష్మి జాతరకి మనవలొస్తే చేతిలో పెట్టడానికని కొంత బియ్యం డబ్బాలో దాస్తుంది. అందులోంచే తీసి ఇస్తుంది కాబట్టి ఆ ఇంట్లో ఇంకా పెద్దావిడే.

ఈ సంగతి నాకు 2024 వేసవిలో బాగా అర్థమైంది. ఎన్నికల కోడ్ వచ్చి, అప్పటిదాకా నన్ను ఇంటింటికీ తిప్పిన వాలంటీర్లని పక్కన పెట్టారు. ఏప్రిల్లో మంచాన పడ్డవాళ్లు తప్ప చాలామంది సచివాలయానికే నడవాల్సొచ్చింది. మే నెలలో చాలామందికి డబ్బు బ్యాంకు ఖాతాలో పడింది. పింఛను మూడు వేలూ మూడు వేలే గానీ ఆటోకి కొంత పోయింది. ఫారం నింపడానికి తోడొచ్చినవాడు ఇంకొంత తీసుకుని 'తర్వాత ఇస్తాన'న్నాడు. డబ్బు తెచ్చుకోడానికి ఇంకొకరు కావాల్సొస్తే ఆ డబ్బు సగం వాళ్లదే అవుతుంది. జూలై ఒకటిన నాలుగు వేలకి పెరిగి, ముందు నెలల పెంపు బకాయితో కలిపి ఏడు వేలు ఇంటికే వచ్చినప్పుడు మాత్రం చిత్రం చూశాను. ఏడాదంతా కనబడని కొడుకులు అరుగుల మీద కూర్చుని ఉన్నారు.

బిడ్డలు చూడని తల్లిదండ్రుల కోసం 2007 చట్టం ఉంది. ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకుంటే నెలకి పదివేల దాకా మనోవర్తి ఇప్పించొచ్చు. 2022లో చీపురుపల్లే రెవెన్యూ డివిజనయింది, విజయనగరం దాకా పోనక్కర్లేదు. ఒక తాతకి సచివాలయం అమ్మాయి ఇదంతా విడమరిచి చెప్పింది. ఆయన విని, "ఆడి మీద అర్జీ ఎడితే రేపు తలకొరివి ఎవుడెడతాడమ్మా?" అన్నాడు. చట్టం రాసినవాళ్లకి ఈ ప్రశ్న తట్టి ఉండదు.

నా పని అర నిమిషం. మామ్మ వదిలితే కదా! మాత్రల అట్ట తెచ్చి పొద్దున్నదేదో రాత్రిదేదో చెప్పమంటుంది. ఫోను మోగడం లేదని చూపిస్తుంది. కాళ్ల వాపు చూపించి, ఆసుపత్రికెళ్లమంటే మాట మార్చేస్తుంది. ఈలోగా పక్కింటి తాత గుమ్మంలోంచి అరుస్తాడు:

"ఆల్లింటికాడే ఇంతసేపేటి? మేం మడుసులం కామేటి?"