ఎండలో కనిపించే ఫోను

మా తమ్ముడు ఫోను మీద విసుగెత్తి ఇంకో ఫోను కొన్నాడు.

తమ్ముడంటే మా బాబాయి కొడుకు. హైదరాబాదు గచ్చిబౌలిలో ఉద్యోగం. పొద్దస్తమానం తెర చూసి కళ్లు లాగేస్తున్నాయి, పడుకోబోయే ముందు ఒక్క వీడియో అనుకుంటే రాత్రి రెండు దాటిపోతోంది అని, 40,000 రూపాయలు పోసి తెలుపు నలుపు ఈ-ఇంక్ తెర ఉన్న ఫోను తెప్పించుకున్నాడు. రోజువారీ పనులకీ ప్రయాణాలకీ సరిపోతే ఉంచుకుంటాడు, లేదంటే వాపసు. గడువు ఇంకా ఉంది. పరీక్ష పెట్టడానికి మా ఊరు విస్సన్నపేటని మించిన చోటేముంది? మే నెల, మామిడి కోతలు, నెత్తి మాడే ఎండ.

దారిలోనే సగం పరీక్ష అయిపోయింది. రాత్రి బస్సులో దీపం వెలుగులో పుస్తకం చదువుకున్నాడట, కళ్లు మండలేదట, విజయవాడలో దిగేసరికి ఛార్జింగు ఏమంత తగ్గలేదట. అక్కణ్ణించి నూజివీడు మీదుగా మా ఊరి బస్సెక్కి మ్యాపు తెరిచాడు. ఖాళీ రోడ్డు పచ్చగా, బండ్లు ఆగిపోయిన చోట ఎర్రగా కనపడాలా? రెండూ ఒకటే బూడిద. "దారి డ్రైవరుకి తెలుసులే అన్నయ్యా" అన్నాడు నాతో. సొంత కారయితే ఆ మాట అనగలిగేవాడు కాదు.

బస్టాండు దగ్గర టీ కొట్లో డబ్బు కట్టడం నేనే చూశాను. క్యూఆర్ కోడు మీద ఫోను పెట్టాడు. పాత బొమ్మ చెరిగీ చెరక్కముందే కొత్త బొమ్మ పడుతోంది, దాని మీద ఇంకోటి. డబ్బయితే వెళ్లింది. ఈలోపు కొట్టాయన మాత్రం "సిగ్నలు లేదేమో బాబూ, పోనీ చిల్లరుంటే ఇవ్వండి" అన్నాడు.

తోటలో మాత్రం దానికి ఎదురు లేకపోయింది. నున్న మామిడి మార్కెట్లో కాయ ధర ఎంత పలికిందో చూద్దామని బాబాయి తన రంగుల ఫోను తీస్తే, మిట్టమధ్యాహ్నపు ఎండకి అందులో ఆయన మొహమే కనపడింది. తలమీద తువ్వాలు కప్పుకుని ఫోనుతో సహా లోపలికి దూరాడు. తమ్ముడు తన ఫోనుని నేరుగా సూర్యుడికి చూపించి పట్టుకున్నాడు. అక్షరం అచ్చు వేసినట్టుంది!

ఎలాగరా అంటే చెప్పాడు. తెరలో కంటికి ఆనని గుళికలు ఉంటాయి, ఒక్కోదాంట్లో తెల్లపొడి, నల్లపొడి. కరెంటు ఒకవైపు ఇస్తే తెల్లది పైకి వస్తుంది, రెండోవైపు ఇస్తే నల్లది. బొమ్మ కుదిరాక కరెంటుతో పనిలేదు, అలాగే నిలిచిపోతుంది. తెర వెనక దీపం ఉండదు, బయటి వెలుగే దానికి వెలుగు. అమెరికాలో ఎంఐటీలో పుట్టిన పని ఇది. 1997లో కంపెనీ అయింది, 2007లో పుస్తకాలు చదువుకునే కిండిల్ వచ్చాక లోకానికి తెలిసింది.

"మరి కాయ రంగు తెలుస్తుందా?" అన్నాడు బాబాయి.

ఫొటో తీసి చూపించాడు. పండూ పచ్చికాయా తేడా లేదు.

"అయితే బేరాలకి పనికిరాదు" అని బాబాయి దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఇలాంటిది నా దగ్గరుండేదిరా" అన్నాడు.

తమ్ముడు నవ్వేశాడు. నేను నవ్వలేదు, నాకు బాగా గుర్తుంది. మోటరోలా ఎఫ్3. 2006 నవంబరులో మన దేశంలో అమ్మకానికి వచ్చింది, రెండు వేల లోపే. 9 మిల్లీమీటర్ల మందం. తెరమీద రెండు వరసలు, వరసకి ఆరంటే ఆరే అక్షరాలు. ఎవరైనా మెసేజి పంపితే అది జరిగి జరిగి పూర్తయ్యేసరికి బాబాయి విసిగిపోయి వాళ్లకే ఫోను చేసేవాడు. కానీ తోటలో ఏ ఎండలోనైనా నంబరు కనపడేది, ఎందుకంటే అదీ ఈ-ఇంక్ తెరే. కిండిల్ కంటే ఏడాది ముందు మాట! చదువు అంతంతమాత్రమైన వాళ్లకి, కరెంటు ఎప్పుడుంటుందో తెలియని ఊళ్లకి అని చేసిన ఫోను అది. ఎండలో పనిచేసేవాడి కోసం పుట్టిన వస్తువుని ఇప్పుడు ఏసీలో కూర్చునేవాడికి మందుగా అమ్ముతున్నారు, ఇరవై రెట్ల ధరకి.

ఈ సంగతి చెబితే తమ్ముడు సెల్లులో వెతికి, నిజమేనని తేల్చుకుని, ఇల్లు చేరేదాకా దాని గురించే మాట్లాడాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పిన్ని రసాలు బక్కెట్టు నీళ్లలో వేసి మా మధ్య పెట్టింది. అప్పుడే హైదరాబాదు నుంచి మనవరాలి వీడియో కాల్ తమ్ముడి ఫోనుకి వచ్చింది. పిన్ని చెయ్యి తుడుచుకుని ఆత్రంగా వంగి చూసి, "పిల్ల మొహానికి విబూది పూశారేంట్రా!" అంది. పిల్ల చెయ్యి ఊపితే ఆ చెయ్యి నీడ కాసేపు అక్కడే ఉండిపోతోంది. చివరికి బాబాయి ఫోనుకి చేయించుకుని తృప్తిగా చూసుకుంది.

తమ్ముడు తగ్గలేదు. "ఫోనంటే ఇలాగే ఉండాలి నాన్నా. మాట్లాడుకోవాలి, నాలుగు అక్షరాలు చదువుకోవాలి, జేబులో పెట్టేసుకోవాలి. అసలు నీ పాత ఫోనే సరైన ఫోను. అలాంటి వస్తువు విలువ తెలిసినవాళ్లు దాచుకుంటారు. మనవాళ్లకే దేని విలువా తెలియదు" అంటూ ఇంకో రసం కోసం బక్కెట్టులో చెయ్యి పెట్టాడు.

బాబాయి టెంక చీకుతూ ఊరుకున్నాడు. పిన్ని ఊరుకోలేదు.

"ఆయన దాచుకోక పోయారా? నీకు ఉద్యోగమొచ్చిన కొత్తలో సంక్రాంతికి స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చావు. వాళ్ల ముందు నాన్న ఆ ఫోను తీశారని తల కొట్టేసినట్టయిందన్నావు. మర్నాడు ఆయన తోటకి వెళ్లగానే, పాత ఫోన్లకి ప్లాస్టిక్ సామానిచ్చే బండి వీధిలోకొస్తే పట్టుకెళ్లి వేసేశావు."

తమ్ముడు తెల్లబోయాడు. "నేనా? ఏమిచ్చాడు?"

"నీ చెయ్యి ఎందులో ఉందో చూసుకో."

ఆకుపచ్చ బక్కెట్టు. ఇన్నేళ్లయినా అంచు కూడా చిట్లలేదు.

"మగ్గు కూడా ఇవ్వమంటే ఇవ్వలేదు ముండావాడు" అంది పిన్ని, తొక్కలు ఎత్తుతూ. "దీని మోజు తీరాక చెప్పు, మళ్లీ అడిగి చూద్దాం."