వేగాస్ పేకపోటీ పద్యం: టీకాతాత్పర్య సహితం

మూలం

తే. సెలవు గడుపంగ వేగాసుఁ జేరి నరుఁడు
పైక మర్పించి బిళ్ళల బారు పేర్చి
ముక్క లవి రెండు మూలెత్తి మురిసి చూచి
యున్న దంతయుఁ దోసి తా నోడి లేచె.

సందర్భం

విలాసవంతమైన కాసినో హోటల్లో సెలవులకు దిగి, అక్కడి పోకర్ టోర్నమెంటులో కూర్చున్నవాడి వృత్తాంతం ఇది. కర్త ఎవరో తెలియదు. నాలుగు పాదాల్లోనే పోటీ మొదలై ముగియడాన్ని బట్టి అనుభవజ్ఞుడని ఊహించవచ్చు.

ప్రతిపదార్థం

సెలవు గడుపంగన్ = సెలవులు గడపడం కోసం. వేసవి అని అర్థం చేసుకోవాలి. వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ఏటా మే నెలాఖరు నుంచి జులై దాకా సాగుతుంది. అదే కాలంలో పెద్ద హోటళ్లన్నీ తమ తమ పోటీలు పెడతాయి. అమెరికాలో పిల్లలకు బడి సెలవులూ అప్పుడే కనుక, ఫౌంటెన్లు చూడటానికి బయల్దేరిన కుటుంబాల్లో ఒకరు మధ్యలో కనిపించకుండా పోవడం ఈ రుతువు లక్షణం.

వేగాసున్ + చేరి = లాస్ వేగాస్‌కు వచ్చి. నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. బెలాజియో, విన్, సీజర్స్ ప్యాలెస్ వంటి ప్రసిద్ధ హోటళ్లు నిజానికి నగర హద్దుల్లో లేవు, పక్కనున్న పారడైజ్ అనే ప్రాంతంలో ఉన్నాయి. లోకవ్యవహారాన్ని బట్టి కవి ‘వేగాసు’ అన్నాడు, దోషం లేదు.

నరుఁడు = మానవుడు. ఇరవై ఒకటో ఏడు నిండినవాడు అని అధ్యాహారం. అంతకు తక్కువ వయసువారిని బల్ల దగ్గర కూర్చోనివ్వరు. ఏకవచనం జాతిని చెబుతుంది. ఒక్కరి గురించి చెప్పినట్టున్నా గదిలో ఉన్న దాదాపు అందరికీ వర్తిస్తుంది.

పైకము + అర్పించి = సొమ్ము సమర్పించి. ‘పందెం కాసి’ అనకపోవడంలో ఔచిత్యం ఉంది. ప్రవేశ రుసుము రెండు పాయలవుతుంది. 400 డాలర్లు కడితే, ఉదాహరణకు 330 బహుమతి నిధికి, 70 నిర్వహణకు అన్నట్టు పోటీ పట్టికలో వేసి ఉంటుంది. రూలెట్‌లోనూ బ్లాక్‌జాక్‌లోనూ ఆటగాడికి ప్రత్యర్థి కాసినోయే. ఇక్కడ ఆటగాళ్లు తమలో తాము కొట్టుకుంటారు. కాసినో తన వాటాను మొదటి ముక్క పంచక ముందే తీసేసుకుని, ఎవరు గెలిచినా ఒక్కటే అన్న వైరాగ్యంతో చూస్తుంది.

బిళ్ళల బారు పేర్చి = చిప్స్‌ను వరసగా దొంతర్లు పెట్టి. 400 డాలర్లకు 20,000 విలువ రాసిన బిళ్ళలు చేతికొస్తాయి. ఇంత ఐశ్వర్యం కలిగినా వాటితో కాఫీ కూడా రాదు. టోర్నమెంటు బిళ్ళలను క్యాషియర్ నగదుగా మార్చడు, అవి ఆ పోటీలోనే చెల్లుతాయి.

ముక్కలు + అవి రెండు = తనకు బోర్లా పంచిన రెండు పేకముక్కలను. దీన్ని బట్టి ఆట టెక్సస్ హోల్డెమ్ అని తేలుతోంది. బల్ల నడుమ అందరికీ ఉమ్మడిగా ముందు మూడు, తర్వాత ఒకటి, ఆపైన మరొకటి తిప్పుతారు. ఏడింటిలో మేలైన అయిదే లెక్క. యాభై రెండు ముక్కల్లోంచి రెండేసి జతలు 1,326 రకాలుగా వస్తాయి. అందులో ఆసుల జత ఆరు రకాలు, అంటే సగటున 221 పంపకాలకు ఒకసారి.

మూల + ఎత్తి = కొసను పైకి లేపి. ముక్కలను చేతిలోకి తీసుకోరు. ఎడమ అరచెయ్యి అడ్డం పెట్టి, బొటనవేలితో రెంటి మూలనూ కలిపి కాస్త వంచుతారు. ముందు రంగు తెలుస్తుంది, తర్వాత అక్షరం సగం కనిపిస్తుంది. ఇస్పేటా కళావరా అన్నది తేలేసరికి మూల మళ్లీ బల్లకు అంటుకుంటుంది.

మురిసి చూచి = సంతోషించి చూసి. ఆ సంతోషం లోపలిదేనని గ్రహించాలి, మొహాన కనిపిస్తే శాస్త్రవిరుద్ధం. చెప్పుకోవడానికీ వీల్లేదు. ఆట నడుస్తుండగా అమెరికా గదుల్లో ఇంగ్లీషే మాట్లాడాలన్న నియమం ఉంది. పక్కపక్క కుర్చీల్లో ఇద్దరు తెలుగువాళ్లు పడితే ‘ఏం వచ్చాయిరా?’ అని అడిగే స్వేచ్ఛ కూడా ఉండదు.

ఉన్నది + అంతయున్ + తోసి = ఉన్న బిళ్ళలన్నీ ముందుకు నెట్టి, అంటే ఆల్-ఇన్ అని.

ఇక్కడొక శంక. ఇంత తొందర దేనికి? మంచి ముక్కలు వచ్చేదాకా కూర్చోవచ్చు కదా? సమాధానం: కూర్చోనివ్వరు. ప్రతి పంపకంలోనూ ఇద్దరు ముక్కలు చూడకముందే తప్పనిసరిగా కట్టే పందేలను బ్లైండ్స్ అంటారు. అవి ఇరవై, ముప్ఫై నిమిషాలకోసారి పెరుగుతాయి. 100, 200గా మొదలైనప్పుడు 20,000 బిళ్ళలంటే పెద్ద బ్లైండుకు వంద రెట్లు. అవి 1,000, 2,000కు చేరాక అదే రాశి పది రెట్లే. యాంటీ పేరుతో మరో 2,000 తోడైతే బల్ల ఒక చుట్టు తిరిగేసరికి 5,000 పోతాయి. నాలుగు చుట్లు ఊరికే కూర్చుంటే ఏమీ మిగలదు. కాబట్టి తోయడం నరుడి దుడుకుతనం కాదు, గడియారం చేయించిన పని.

తాను + ఓడి = తాను పరాజితుడై. తప్పు ఆడి ఓడాడని కవి అనలేదు. ఆసుల జత రాజుల జతతో తలపడినా నూటికి పద్దెనిమిది సార్ల దాకా ఓడుతుంది.

లేచెన్ = కుర్చీలోంచి లేచాడు. పునర్జన్మను అంగీకరించే పోటీలూ ఉన్నాయి. వాటిని రీ-ఎంట్రీ టోర్నమెంట్లంటారు. లేచినవాడు మళ్లీ రుసుము కట్టి, గడువులోగా మరో బల్ల దగ్గర పుట్టవచ్చు. అప్పుడు ‘పైక మర్పించి’ దగ్గరనుంచి పద్యాన్ని ఇంకోసారి చదువుకోవాలి.

తాత్పర్యం

సెలవులకు వేగాస్ వెళ్లిన మనిషి రుసుము కట్టి, బిళ్ళలు పేర్చుకుని, వచ్చిన రెండు ముక్కలకు మురిసి, సర్వస్వం పణంగా పెట్టి, ఓడి లేచాడని భావం.

విశేషాలు

గెలిచినవాడి ఊసు పద్యంలో లేదు. అది లోపం కాదు. ఇలాంటి పోటీల్లో సాధారణంగా నూటికి పది పదిహేను మందికే డబ్బు వస్తుంది, అందులోనూ చాలామందికి వచ్చేది రుసుముకు కొంచెం ఎక్కువ. పెద్ద మొత్తాలు చివరి బల్ల దగ్గరివాళ్లవే. అయినా జనం రావడానికి కారణం 2003. ఆ ఏడు వరల్డ్ సిరీస్ ప్రధాన పోటీలో 839 మంది ఆడారు. ఇంటర్నెట్‌లో అర్హత పోటీ నెగ్గి వచ్చిన క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు 25 లక్షల డాలర్లు గెలిచాడు. 2023 నాటికి 10,000 డాలర్ల రుసుము గల అదే పోటీకి 10,043 మంది వచ్చారు. 1970లో బెన్నీ బిన్యన్ తన హార్స్‌షూ కాసినోలో ఈ సిరీస్ మొదలుపెట్టినప్పుడు విజేతను ఆటగాళ్లే ఓట్లేసి ఎన్నుకున్నారు.

మతభేదం

ఇది అదృష్టమా, నైపుణ్యమా? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ సత్యనారాయణకూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా, మూడు ముక్కలాటను కేవలం అదృష్టంగా విడదీసింది. పోకర్ ఈ రెంటి మధ్య నిలుస్తుంది. ఒక పంపకంలో అదృష్టానిదే పైచెయ్యి. వేల పంపకాలు ఆడేవాడికి నైపుణ్యం పలుకుతుంది. సెలవులు మూడు రోజులే కనుక నరుడు మొదటి పక్షంవాడు.

అలంకారం, ఛందస్సు

చేరి, అర్పించి, పేర్చి, ఎత్తి, చూచి, తోసి, ఓడి, లేచె అని ఒకే కర్తకు వరసగా క్రియలు రావడం వల్ల కారకదీపకం. మేలు కోరి చేసిన పనికి కీడు ఫలించడం వల్ల విషమాలంకారం కూడా. ఛందస్సు తేటగీతి: పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. సెలవు, గడుపంగ, వేగాసుఁ, జేరి, నరుఁడు. సె–జే యతి.

ఫలశ్రుతి

పొరపాటున గెలిస్తే భారతదేశం నుంచి వెళ్లిన పర్యాటకుడి బహుమతిలో 30 శాతం అక్కడే పన్నుగా పట్టుకుంటారు. అమెరికాలో స్థిరపడ్డవారు గెలుపును ఆదాయంగా చూపాలి, ఓడిన సొమ్మును అందులోంచి తీసివేసుకోవచ్చు. 2025లో చేసిన చట్టం ప్రకారం 2026 నుంచి ఆ నష్టంలో 90 శాతమే లెక్కకు వస్తుంది. అంటే లక్ష గెలిచి లక్ష పోగొట్టుకున్నవాడు కూడా పదివేల మీద పన్ను కట్టాలి.